లచ్చన్న నేర్పిన మోత

లచ్చన్న ఏ కొత్త గదిలో అడుగు పెట్టినా ముందు కప్పు వైపు చూసేవాడు. మనుషుల వైపు ఆ తర్వాతే. ఒమన్‌లోని ఘాలాలో అతనితో పని చేసినవాళ్లంతా ఈ మాట చెబుతారు. కొత్తగా వచ్చినవాళ్లు "ఏంది, బిల్డింగు కొంటడా?" అని నవ్వేవాళ్లు. అతను కోప్పడేవాడు కాదు. జగిత్యాల దగ్గర బావులు తవ్వే ఇంట్లో పుట్టినవాడు. బావి అడుగున నిలబడ్డవాడికి ఆకాశం పళ్లెమంత కనిపిస్తుంది. మట్టి తట్ట దిగేదీ ఆ పళ్లెంలోంచే, రాయి జారేదీ ఆ పళ్లెంలోంచే. పైకి చూడకుండా బతకడం అతనికి చిన్నప్పటి నుంచీ తెలియదు.

ఒమన్‌కు ఎనభై ఏడులో వచ్చాడు. మొదట సూర్ వైపు కరెంటు స్తంభాలు పాతే పని. కొండరాయి పొడిచి గుంట తీయడం, స్తంభం నిలబెట్టడం, తీగ లాగడం. అక్కడ అతని ఒడుపు చూసి కంపెనీ ఫోర్‌మన్‌ను చేసింది. అతను ఫోర్‌మన్ అయ్యాక కూడా గుంటలో ముందు తనే దిగేవాడు. "నేను దిగి సూస్తే గదా, ఎంత లోతున్నదో నీకు జెప్పేది" అనేవాడు. నోరు పెద్దది కాదు. కేక వేయకుండా పని చేయించే ఫోర్‌మన్‌ను సూర్‌లో అంతకు ముందు ఎవరూ చూడలేదట.

తొంభైలు వచ్చి కొన్నేళ్లు గడిచాక అతణ్ని ఘాలాకు పిలిపించారు. కంపెనీకి ఒక వింత పనిలో ఒక ముక్క దొరికింది. సముద్రాల అవతల ఒక పెద్ద పట్నం. ఆ పట్నం కింద, నేల లోపల, సొరంగాల్లో రైళ్లు తిరుగుతాయి. తాతల కాలం నుంచీ ఆ రైళ్లు కరెంటును పట్టాల పక్కన వేసిన ఇంకో పట్టా నుంచి తీసుకుంటున్నాయి. ఇప్పుడు దాన్ని మార్చి, కరెంటు పైనుంచి వచ్చేలా చేయాలి. ఆ సొరంగాల కప్పు తక్కువ. వేలాడే తీగకు చోటు లేదు. అందుకని పొడవాటి కడ్డీని కప్పు కిందనే, దానికి అంటించినట్టుగా బిగించుకుంటూ పోవాలి. బిగించే మనుషుల్ని ఘాలాలో తయారు చేసి అక్కడికి పంపాలి. అదీ కంపెనీ ఒప్పుకున్న పని.

ఈ సంగతంతా లచ్చన్నకు చెప్పినవాడు తహ్సీన్. హైదరాబాద్ పాతబస్తీ పిల్లవాడు, కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీరు.

"కరెంటు ఇప్పుడు సుత వస్తుంది గదా సార్. కిందికెళ్లి తీసి మీద పెట్టుడెందుకు?" అని అడిగాడు లచ్చన్న.

"కింద ఉన్నది జోరు సరిపోతలేదు భాయ్. జనం పెరిగిండ్రు, బండ్లు పెరిగినయ్. ఇంకోటి, పట్టా రిపేర్ చేసేటోని కాలు పక్కనే మౌత్, సావే, కూసోని ఉంటది. మీదికి పోయిందనుకో, వాడు బేఫికర్‌గా పని చేసుకుంటడు."

"మరి మీద పని చేసేటోడు?"

తహ్సీన్ నవ్వాడు. "వాని ఫికర్ చేసేటందుకే నిన్ను పిలిచినం."

అసలు చిక్కు ఏమిటంటే, ఆ పట్నంలో జనం రోజూ ఆ రైళ్లెక్కే పనులకు పోతారు. మొత్తం ఆపేసి మార్చడం కుదరదు. కొంత మేర మార్చి, కొంత మేర పాతదే ఉంచి, నడిపిస్తూనే మార్చాలి. అంటే కొన్నాళ్లపాటు కిందా కరెంటు ఉంటుంది, మీదా ఉంటుంది. నడుమ మనిషి సామాను మోసుకుంటూ నడవాలి.

ఘాలాలో గోదాముల వెనక ఒక పెద్ద షెడ్డు. అందులో రేకులూ చెక్కలూ వంచి సొరంగం ముక్క ఒకటి కట్టారు. లోపల నల్ల రంగు వేశారు. పట్టాలు పరిచారు. పక్కన మనుషులు నడిచే ఎత్తు గట్టు, అటుపక్క కరెంటు పట్టా, పైన కడ్డీ. నిజం కరెంటు లేదు. పక్క పట్టాకు కాలు గానీ ఇనుము గానీ తగిలితే పసుపు దీపం వెలుగుతుంది. పై కడ్డీకి తగిలితే ఎర్ర దీపం వెలిగి హారన్ కూస్తుంది. ఎండాకాలం కాకపోయినా మధ్యాహ్నానికి లోపల ఒళ్లు ఉడికిపోయేది. షెడ్డుకూ క్యాంపుకూ కంపెనీ బస్సు నడిపే కడప ఇనాయత్ దానికి ఇడ్లీ గిన్నె అని పేరు పెట్టాడు. "ఇడ్లీలు ఉడికినాయా, ఇంగ బస్సులో వడ్డించేదా?" అని రోజూ సాయంత్రం తలుపు దగ్గర నిలబడి అరిచేవాడు.

లచ్చన్న చేతికింద ఇరవై మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్లు. అందరూ కష్టం ఎరిగినవాళ్లే, ఒళ్లు దాచుకునేవాళ్లు ఒక్కరూ లేరు. అందరికంటే పనిమంతుడు రఘుపతి. లచ్చన్న భార్య శాంతవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. లచ్చన్నే వీసా ఇప్పించి తెచ్చాడు. బయల్దేరేనాడు శాంతవ్వ తమ్ముడి ముందే మొగుడితో అంది: "తోలుకపోవుడు నీ ఇష్టం గాదు, వాని ఇష్టం. కానీ వాన్ని మల్ల తెచ్చి నాకు సూపెట్టుడు మాత్రం నీ పని."

రఘుపతికి ఆ పట్నం పోవాలని పట్టుదల. నేల కింద నడిచే రైలు సంగతి విన్నప్పటి నుంచి అతని నోట వేరే మాట లేదు. ఊళ్లో ఉన్న భార్య కవితకు ముందే చెప్పేశాడు. పుట్టబోయే బిడ్డకు ఏ రంగు స్వెట్టర్ తేవాలో కూడా అడిగి పెట్టుకున్నాడు.

పనిలో అతనికి ఒకే ఒక లోపం. చేతికి ఏ బరువు వచ్చినా నెత్తికెత్తేవాడు. గొట్టాల కట్ట, మేకుల సంచి, నిచ్చెన, ఏదైనా సరే. భుజానున్న తువ్వాలు చుట్ట చుట్టడం, నెత్తిన పెట్టడం, దాని మీద బరువు వేయడం, మూడూ ఒకే కదలికలో అయిపోయేవి. రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ, బీడీ వెలిగించుకుంటూ, కట్ట తొణక్కుండా పరుగెత్తేవాడు. చూడముచ్చటగా ఉండేది. సొరంగంలో మాత్రం అది చావు నడక. పట్టాల మీది నుంచి గట్టు మీదికి అడుగు వేయగానే నెత్తి మీది గొట్టం కొస పైకి లేచేది. హారన్ కూసేది.

"సచ్చినవ్" అనేవాడు లచ్చన్న నెమ్మదిగా.

"మల్ల పుడుత బావా, ఆగు" అనేవాడు రఘుపతి.

గ్యాంగులో చాలామందికి ఆ అలవాటు ఉంది. అందరిలో నుంచీ దాన్ని తీసేయాలని లచ్చన్న ఒక ఉపాయం చేశాడు. మెస్సు నుంచి ఖాళీ పాల డబ్బాలు పోగు చేయించి, తాడుకు గుచ్చి, క్యాంపు రూముల మధ్యా, షెడ్డు నుంచి స్టోరుకు పోయే దారిలోనూ, పొడవునా నెత్తికి జానెడు ఎత్తులో కట్టించాడు. బకెట్టు గానీ బియ్యం మూట గానీ నెత్తిన పెట్టుకుని ఎవరు నడిచినా డబ్బాలు మోగేవి. మోగించినవాడు ఆ రోజు అందరి గిన్నెలూ తోమాలి.

"డబ్బాలకోసరం టీ తాగీ తాగీ మా కడుపుల్లో ఆవులు అరస్తాండాయ్ లచ్చన్నా" అన్నాడు ఇనాయత్. "అయినా నీ పిచ్చి గానీ, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల్తో గానీ పోదంట."

లచ్చన్న అతని వైపు చూసి, "పుడకల దాక పోవద్దనే గదా ఈ డబ్బాలు" అన్నాడు.

నెల తిరిగే సరికి డబ్బాల చప్పుడు తగ్గింది. కంపెనీ పరీక్ష పెట్టింది. ఒక్కొక్కరే సామాను మోసుకుంటూ సొరంగం ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. రఘుపతి గొట్టాల కట్టను నడుముకు ఆనించి, గట్టెక్కి, గట్టు దిగి, దీపం వెలగకుండా బయటికొచ్చాడు. తహ్సీన్ స్వయంగా చెయ్యి కలిపాడు. "షాబాష్. అందరికన్నా ఫాస్ట్ నువ్వే" అన్నాడు. ఆ తర్వాత లచ్చన్నతో, "దీపం సంగతి నేను చూసిన. మనిషి సంగతి నీకు తెలుసు. ఎవరు పోవాల్నో పేర్లు నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ సాయంత్రమే జరిగింది. ఇనాయత్ బస్సు హారన్ కొట్టాడు, అందరూ పరుగు తీశారు. స్టోరుకు చేర్చాల్సిన గొట్టాల కట్ట ఒకటి షెడ్డు ముందు మిగిలిపోయింది. రఘుపతి వెనక్కి తిరిగాడు. ఒక్క ఊపులో కట్ట నెత్తికెత్తుకుని స్టోరు దారిన ఉరికాడు. గొట్టాల కొసలు డబ్బాలను వరసగా కొట్టుకుంటూ పోయాయి. అంత చప్పుడూ అతనికి వినపడలేదు. కట్ట స్టోరులో పడేసి, వెనక్కి ఉరికొచ్చి, బస్సెక్కి, పరీక్ష గెలిచిన ఆనందంలో పాట అందుకున్నాడు.

చూసింది బస్సు కిటికీ పక్కన కూర్చున్న లచ్చన్న ఒక్కడే.

మర్నాడు మెస్సు దగ్గర పేర్లు చెప్పాడు. రఘుపతి పేరు లేదు.

"బావా, నా పేరు మర్శినవ్" అన్నాడు రఘుపతి నవ్వుతూనే.

"మర్వలే."

"మరి?"

"నిన్ను తోల్తలేను."

రఘుపతి చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "దీపం ఎలగలే. సార్ చెయ్యి గల్పిండు. నడుమ నీకేం నొప్పి?"

"సార్ సూస్తున్నడని కిందికి వట్టినవ్. ఎవ్వడు సూడనప్పుడు నెత్తికెత్తినవ్. నిన్న పొద్దుమూకి డబ్బాలన్ని మోగినయ్. నీకు ఇనవడ్డదా?"

"నెత్తికెత్తితే ఏమైతది? మా అయ్య ఎత్తిండు, మా అవ్వ ఎత్తింది. నీ పెండ్లికి పందిరి గుంజలు నా నెత్తి మీదనే వచ్చినయ్!"

చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. లచ్చన్నకు కూడా నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు.

"గందుకే వద్దంటున్న. ఆడ పందిరి ఉండది. మీద పిడుగు ఉంటది."

"నేను సస్తే మా అక్క ముందట నీకు మాట వస్తది. గదే గదా నీ భయం! నా కోసం గాదు, నీ కోసం ఆపుతున్నవ్."

ఆ మాటలో సగం నిజమే అని లచ్చన్నకూ తెలుసు. రఘుపతి పళ్లెం తోసేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి బావతో మాట బంద్. ఉప్పు కావాలన్నా ఇనాయత్‌ను పిలిచి, "ఇనాయత్ భాయ్, ఫోర్‌మన్ సాబ్‌ను జర ఉప్పు జరుపుమను" అనేవాడు. అదే మంచం వరసలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పడుకుని, గోడ వైపు తిరిగి ఉండేవాడు.

కొన్నాళ్లకు ఒక శుక్రవారం. అందరికీ సెలవు. మధ్యాహ్నం బట్టలు ఉతుక్కుంటూ, తలలు కత్తిరించుకుంటూ ఉన్నారు. దూరాన కొండల మీద మబ్బు నల్లగా పట్టింది. ఘాలాలో నాలుగు చినుకులే పడ్డాయి. కానీ కొండల్లో కురిసిన వాన వాదీలోకి దిగింది. ఏడాదంతా ఎండి రాళ్లు తేలి ఉండే ఆ వాగు ఒక్కసారిగా ఎర్ర నీళ్లతో, ముళ్లకంపలతో, ఒక కారు డోరుతో ఉరికొచ్చింది. క్యాంపు వాదీ ఒడ్డునే ఉంది. నీళ్లు ముందు వరస రూముల గడపలు దాటాయి.

"సామాన్లు దీయుండ్రి! రోడ్డు మీదికి!" అని లచ్చన్న అరిచాడు. ఎప్పుడూ అరవని మనిషి అరిచేసరికి అందరూ లేచారు. పెట్టెలు, పరుపులు, బియ్యం బస్తాలు పట్టుకుని మోకాటి లోతు నీళ్లలో రోడ్డు వైపు కదిలారు. రహీం అనే నిజామాబాద్ మనిషి, తొందర అనేదే తెలియనివాడు, అతను కూడా లేచి కదిలాడు. లచ్చన్న మెస్సులో వండే ఇద్దరు ముసలివాళ్లను ముందుకు తోసి, చివరగా తన ట్రంకు పెట్టె తీసుకుని బయటపడ్డాడు.

రోడ్డు మీద, బస్సు టాపెక్కి కూర్చున్న ఇనాయత్ కేక వేశాడు. "ఓ లచ్చన్నా! నీ నెత్తిన ఏముండాదో సూస్కో అబ్బా!"

లచ్చన్న చెయ్యి పైకెత్తి తడుముకున్నాడు. ట్రంకు నెత్తి మీద ఉంది. కింద చుట్ట కూడా ఉంది. తువ్వాలు ఎప్పుడు చుట్టాడో, పెట్టె ఎప్పుడు ఎత్తాడో అతనికి తెలియదు. పెట్టె మూలకు తెగిన తాడు, తాడుకు రెండు పాల డబ్బాలు వేలాడుతున్నాయి. వెనక్కి చూశాడు. ఆ నీళ్లలో వచ్చేవాళ్లంతా, పరీక్షలో గెలిచినవాళ్లు, తను పేర్లు చెప్పినవాళ్లు, ఒక్కడు కూడా మిగలకుండా, నెత్తి మీద మూటలతోనే వస్తున్నారు. డబ్బాలన్నీ జాతరలో డప్పుల్లా మోగుతున్నాయి. ఎవరికీ వినపడటం లేదు.

వాళ్లందరి మధ్యా రఘుపతి కూడా ఉన్నాడు. బావ నెత్తి మీది ట్రంకును చూశాడు. ఏదైనా అంటాడనుకున్నారు అందరూ. అతను తన మూట దించుకుని, వెనకవాడి మూటకు చెయ్యి అందించాడు.

నీళ్లు పొద్దుగూకేలోగా తీశాయి. మనుషులకు ఏమీ కాలేదు, బియ్యం తడిసింది. మర్నాడు లచ్చన్న తహ్సీన్ గదికి పోయాడు.

"సార్, మా గ్యాంగుల ఒక్కడు సుత పాస్ గాలే. నాతోని కలిపి."

తహ్సీన్ అంతా విన్నాడు. మొహం మాడింది. "ఇప్పుడు చెప్తే ఎట్ల? ఆ పట్నపోళ్లు వస్తున్నరు చూడటానికి. గ్యాంగ్ తయారు కాలేదు అంటే వేరే మనుషుల్ని తెస్తరు. మీరంతా ఈడ్నే మట్టి తవ్వాలి."

"తవ్వుతం సార్. కానీ నేను నేర్పింది భయం. దిక్కుతోచనప్పుడు నేర్పింది రాదు, ఒంట్ల ఉన్నదే వస్తది. నాకు నిన్న ఎరుకైంది."

తహ్సీన్ పెన్సిలు బల్లకు రెండుసార్లు కొట్టాడు. తర్వాత అన్నాడు: "సరే భాయ్. మనిషి ఒళ్లు మారదంటవ్. మారకపోతే పోనియ్. మోసే సామాను మారుద్దాం. నెత్తి మీదికి ఎత్తుదామన్నా ఎత్తలేనట్టు ఏదైనా మోత ఉన్నదా? ఆలోచించు."

లచ్చన్న షెడ్డుకు పోయి పట్టాల మీద కూర్చున్నాడు. నెత్తికి పోని మోత. బావి పనిలో అంతా నెత్తి మీదే. పొలం పనిలో మోపులు నెత్తి మీదే. ఎంతసేపటికో శాంతవ్వ గుర్తుకొచ్చింది. పెళ్లికి ముందు మొదటిసారి ఆమెను చూసింది కాలువ గట్టున. చీర చెంగు నడుముకు దోపి, తమ్ముడితో కలిసి గూడ వేస్తోంది. గూడ అంటే కాలువ నీళ్లను మీది మడికి ఎత్తిపోసే బుట్ట. దానికి రెండు పక్కలా తాళ్లు ఉంటాయి. అటొకరు ఇటొకరు తాళ్లు పట్టుకుని బుట్టను నీళ్లలో ముంచి ఊపుతో మడిలోకి విసురుతారు. ఎంత ఊపినా చేతులు నడుము దాటవు. ఒక్కరు పైకి లేపుదామన్నా లేవదు, రెండోవాడి చెయ్యి అవతల ఉంటుంది.

తహ్సీన్‌కు చెప్పాడు. తహ్సీన్ కాగితం మీద బొమ్మ గీసి, తాళ్లు ఎక్కడెక్కడ కట్టాలో లెక్క చూశాడు. ఇనాయత్ బస్సు సీట్ల కోసం దాచుకున్న టార్పాలిన్‌ను తిట్టుకుంటూ ఇచ్చాడు, తనే కుట్టాడు. గొట్టాలు పొడుగ్గా పడుకునే ఉయ్యాల లాంటిది తయారైంది. ముందొకరు, వెనకొకరు తాళ్లు పట్టుకోవాలి. బరువు మోకాళ్ల ఎత్తులో ఉండాలి.

ఇక పట్టేవాళ్లు కావాలి. గ్యాంగులో కుర్రవాళ్ల ఊళ్లలో మోటార్లు వచ్చేశాయి, గూడ పట్టడం ఎవరికీ రాదు. వచ్చినవాడు ఒక్కడే. లచ్చన్న వెళ్లి అతని మంచం దగ్గర నిలబడ్డాడు.

"గూడ వట్టవస్తవా?"

గోడ వైపు నుంచే జవాబొచ్చింది. "నాతోని ఏం పని? నేను ఫెయిల్ గదా."

"అందరం ఫెయిలే. నేను సుత. నువ్వు సూశినవ్ గదా."

రఘుపతి లేచి చెప్పులు వేసుకున్నాడు.

మొదటి రోజు ఉయ్యాల అటూ ఇటూ ఊగి పక్క పట్టాకు కొట్టుకుంది, పసుపు దీపం వెలిగింది. తహ్సీన్ తాళ్లు కురచ చేయించి, అడ్డంగా ఇంకో కట్టు వేయించాడు. రెండో రోజు ఊగలేదు కానీ కుదురు లేదు. ఒకడు అడుగు వేస్తే ఇంకొకడు ఆగేవాడు. గొట్టాలు జారి పాదాల మీద పడేవి. బావ "ఆగు" అనడు, బామ్మర్ది "నడు" అనడు. ఇద్దరి నోళ్లకూ తాళాలే. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఇనాయత్ ఉండబట్టలేక, "అలిగిన ఆలుమగలు ఊయల ఊపినట్టుండాది. ఒగరన్నా నోరు తెరవండప్పా, బిడ్డ కింద పడతాంది" అన్నాడు.

రఘుపతికి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయి దగ్గాడు. దగ్గు అయ్యాక, తాళ్లు సర్దుకుని, వెనక ఉన్న బావ వైపు తిరగకుండానే, వడ్లు కొలిచేవాళ్ల వరసలో ఎత్తుకున్నాడు. "లాభం..." ఒకటి అనడం ఎవరి నోటా రాదు కళ్లంలో, లాభం అనే మొదలు పెడతారు.

"రెండు" అన్నాడు లచ్చన్న, రెండో అడుగు వేస్తూ.

"మూడు."

"నాలుగు."

ఉయ్యాల కుదుటపడింది. గట్టెక్కారు, దిగారు. గొట్టాల కొసలు మోకాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ చివరకు చేరాక రఘుపతి తాళ్లు వదిలి, "నీ అడుగు పొడుగుంది బావా, జర కురచ వెయ్" అన్నాడు. అంతే. రాజీ అని ఎవరూ పేరు పెట్టలేదు. ఆ సాయంత్రం ఉప్పు చేతికి చేతికే అందింది.

పట్నం నుంచి మనుషులు వచ్చే ముందు రోజు లచ్చన్న తహ్సీన్‌ను ఒకటి అడిగాడు. "రేపు మేము నడిమిట్లకు రాంగనే దీపాలు ఆర్పుండ్రి. హారన్ గొట్టుండ్రి. ఎప్పుడో ఎట్లనో నాకు సుత చెప్పకుండ్రి."

"వాళ్ల ముందట? ఏదైనా అయితే పరువు పోతది భాయ్."

"ఆడ పానం పోతది సార్. ఈడ పరువే గదా."

తహ్సీన్ ఒప్పుకున్నాడు.

మర్నాడు వచ్చినవాళ్లు తెల్ల టోపీలు పెట్టుకుని గోడ వెంట నిలబడ్డారు. ముందు రఘుపతి, వెనక లచ్చన్న, నడుమ బరువు. "లాభం, రెండు, మూడు" అంటూ బయల్దేరారు. పట్టాల మీది నుంచి గట్టు మీదికి రఘుపతి కాలెత్తిన క్షణాన షెడ్డంతా చీకటైపోయింది. చెవులు పగిలేలా హారన్. ఎవరో బల్ల కూడా పడేశారు.

లచ్చన్న చేతిలో తాడు బిగిసింది. ముందున్నవాడి చేతులు పైకి లేస్తున్నాయి. తాడులో నుంచి అతనికి అంతా తెలుస్తోంది, భుజాలు లేవడం, మెడ నిక్కడం, నెత్తి చోటు వెతకడం. కిందికి గుంజాలనిపించింది. గుంజితే ఇద్దరూ పడతారు. ఏమీ చేయకుండా తన చివరను తన నడుము దగ్గరే ఉంచి నిలబడ్డాడు. తాడు బిగువుగానే ఉండిపోయింది. చీకట్లో ఒక దీర్ఘమైన ఊపిరి వినిపించింది. తర్వాత ముందు నుంచి రఘుపతి గొంతు, "లాభం."

"రెండు" అన్నాడు లచ్చన్న.

తాడు మెల్లగా దిగింది. నడిచారు. దీపాలు వచ్చేసరికి ఆ చివరన ఉన్నారు. ఎర్ర దీపం వెలగలేదు, పసుపు దీపం వెలగలేదు. తెల్ల టోపీలవాళ్లు ఉయ్యాలను తిప్పి చూసి, తాళ్ల కట్టు గురించి తహ్సీన్‌ను అడిగి, రాసుకున్నారు. మిగతా జంటల్ని కూడా నడిపించమన్నారు.

బయట నీడలో రఘుపతి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. లచ్చన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"లేశినయ్ బావా చేతులు. నీకు ఎరుకైందా?"

"ఎరుకైంది."

"నేను లేపలే. అవే లేశినయ్."

"ఎరుకే."

రఘుపతే మళ్లీ అన్నాడు. "ఇప్పుడు నువ్వు వద్దన్నా నేను లొల్లి వెట్టను. నా ఒళ్లు నా మాట ఇంటలేదని తెల్సింది."

"నీ పేరు చెప్తున్న."

రఘుపతి తల తిప్పి చూశాడు. "చేతులు లేశినా?"

"లేవలే అన్నవనుకో, పంపకపోతుంటి. లేశినయ్ అన్నవ్. ఇగ నీ అంతట నువ్వే పైలముంటవ్. రహీం వెనక వడ్తడు. వానికి తొందర లేదు. వాడు ఆగుమంటే ఆగు."

"వాడు ఆగుమనుడు సుత లేటుగనే అంటడు బావా" అన్నాడు రఘుపతి. ఇద్దరూ నవ్వుకున్నారు.

గ్యాంగు ఆ పట్నం పోయింది. లచ్చన్నను కంపెనీ ఘాలాలోనే ఉంచేసింది, తర్వాతి గ్యాంగులకు నేర్పాలి కదా అని. అతను కొత్తవాళ్లకు ముందు తాళ్లు కట్టడం నేర్పేవాడు, నడక తర్వాత. పొద్దున టీ తాగేటప్పుడు తహ్సీన్ గదిలో ఫోన్ మోగితే మాత్రం అతని చేతిలో కప్పు ఆగిపోయేది. మోగడం ఆగి, లోపల మామూలు మాటలు వినిపిస్తే మళ్లీ తాగేవాడు. ఇనాయత్ అది గమనించి కూడా ఆ ఒక్క విషయంలో ఎగతాళి చేయలేదు.

చలికాలం పోయాక ఒక పొద్దున తహ్సీన్ గది తలుపు తీసి పిలిచాడు. "లచ్చన్న భాయ్, నీకే."

లచ్చన్న రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బావా! కింది కరెంటు బంద్ జేశిండ్రు. మొత్తం మీదికెళ్లే. నిన్న మొదటి బండి వోయింది, మమ్ముల అండ్లనే ఎక్కించుకున్నరు."

"మనోళ్లు?"

"అందరం ఉన్నం."

"అందరంటే?"

"అందరంటే అందరం బావా. రహీంకు మెట్లు దిగంగ కాలు బెణికింది, గంతే. తొందర వడ్డడట, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి." అవతల ఎవరో నవ్వుతున్నారు, రహీం ఏదో తిడుతున్నాడు. "బండి ఆగలే బావా, లోపట దీపం ఒక్కపారి సుత ఆరలే. నా ముందట ఒక ముసలామె కూసోని స్వెట్టర్ అల్లుతుంది. ఏం మారిందో ఆమెకు తెల్వనే తెల్వది. నాకు చెప్పబుద్ధయింది, భాష రాకపాయె."

లచ్చన్న అన్నాడు: "మీ అక్కకు ఫోన్ జెయ్. పక్కింటోళ్ల నంబరు ఉన్నది గదా, పిలుస్తరు."

"నువ్వే చెప్పరాదు?"

"నేను జెప్తే సగమే నమ్ముతది. నీ గొంతు ఇనాలె."

"ఏమని చెప్పాలె?"

లచ్చన్న ఆలోచించాడు. బయట కొత్త గ్యాంగు తాళ్లు పట్టుకుని అతని కోసం ఎదురుచూస్తోంది.

"బతికున్న అని మాత్రం అనకు, బెదురుతది. తిన్నవా అని అడుగుతది. తిన్న అని జెప్పు."